రాత్రి రెండింటికి తీసుకునే నిర్ణయాలు పగలే తీసుకోండి

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్తే. మాది హనుమకొండ. నా వయసు 34, ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను. మా స్వీటీ పామేరియన్. పదకొండేళ్లు నిండాయి, ఏడు కిలోలుంటుంది. పోయిన చలికాలం నుంచి దగ్గుతుంటే ఇక్కడి డాక్టర్ గారు సిరప్ రాశారు. తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలయ్యేది. మూడు నెలల కిందట ఒక రాత్రి ఊపిరాడక తెల్లవార్లూ కూర్చునే ఉంది. హైదరాబాద్ తీసుకెళ్తే ఎక్స్‌రే, గుండె స్కాన్ తీసి, మైట్రల్ వాల్వ్ లీకవుతోందని, ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని చెప్పారు. ఒక రోజు ఆక్సిజన్ మీద ఉంచారు. అప్పటి నుంచి పొద్దున, సాయంత్రం పిమోబెండాన్ (గుండెకు బలమిచ్చేది), లాసిక్స్ (ఒంట్లో చేరిన నీటిని మూత్రంలో పంపేది) మాత్రలు పెరుగన్నంలో కలిపి పెడుతున్నాను. ఇప్పుడు బాగానే తింటోంది, ఆడుతోంది.

నాకే బాగుండట్లేదు. రాత్రి పన్నెండుకి, రెండుకి, నాలుగుకి అలారం పెట్టుకుని లేచి దాని ఊపిరి లెక్కపెడుతున్నాను. కదలకుండా పడుకుని ఉంటే భయమేసి తట్టి లేపుతున్నాను. ఈ జబ్బొస్తే తొమ్మిది నెలలే అని గూగుల్‌లో చదివిన దగ్గర్నుంచి క్యాలెండర్ చూస్తే ఏడుపొస్తోంది. మీటింగుల్లో మనసు నిలవట్లేదు. వచ్చే నెల విజయవాడలో మా చిన్నమ్మ కూతురి పెళ్లి, రానని చెప్పేశాను. మా ఆయన "కుక్క గురించి ఇంత టెన్షనా" అంటారు. మా అత్తమ్మ అనే మాటలు ఇక్కడ రాయలేను. దగ్గు మొదలైనప్పుడే కనిపెట్టి ఉంటే దానికి ఈ గతి పట్టేది కాదేమో అనిపిస్తుంది. ఖర్చు నెలకి ఐదు వేలు దాటుతోంది. చివరికి దాన్ని ఏం చేయాల్సి వస్తుందో అని తలుచుకుంటేనే చేతులు వణుకుతున్నాయి. నేను మరీ అతి చేస్తున్నానా? పేరు వేయకండి.

సమాధానం: అమ్మా, ఇంత పెద్ద ఉత్తరంలో స్వీటీ ఇవాళ ఎలా ఉందో చెప్పే వాక్యం ఒక్కటే ఉంది. తింటోంది, ఆడుతోంది అన్నారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆక్సిజన్ దాకా వెళ్లిన పదకొండేళ్ల కుక్క మూడు నెలల తర్వాత ఇలా ఉందంటే మందు పనిచేస్తోందని అర్థం. మాత్రలు టైముకి వేస్తున్న మనిషి కూడా తన పని తాను సరిగ్గా చేస్తోందని అర్థం. ఇది మీ ధైర్యం కోసం చెబుతున్న మాట కాదు. అలా జరగని కుక్కల్ని కూడా నా సర్వీసులో చూశాను కాబట్టి చెబుతున్నాను.

అతి చేస్తున్నానా అని అడిగారు. అలారాల విషయంలో కొంచెం అతే. మిగతా దాంట్లో మీరు చేస్తున్నది అతేమీ కాదు. దీర్ఘకాలం జబ్బుతో ఉన్న పెంపుడు జంతువును చూసుకునేవాళ్ల మీద అమెరికాలోని కెంట్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన మేరీ బెత్ స్పిట్జ్‌నాగెల్ బృందం ఒక పరిశోధన చేసి, 2017లో 'వెటర్నరీ రికార్డ్' పత్రికలో వేసింది. జబ్బు కుక్క, జబ్బు పిల్లి ఉన్న యజమానుల్ని, ఆరోగ్యంగా ఉన్న జంతువులున్న యజమానుల్ని పోల్చి చూశారు. మొదటివాళ్లలో ఒత్తిడి, దిగులు, ఆందోళన స్పష్టంగా ఎక్కువ. మంచాన పడ్డ తల్లిదండ్రుల్ని చూసుకునేవాళ్లకు ఎలాంటి భారం ఉంటుందో, వీళ్లలోనూ అలాంటిదే కనిపించింది. మీ ఆయనకు వీలైతే ఈ ఒక్క పేరా చూపించండి. వాదించమని కాదు. మీకున్న టెన్షన్‌కి ఒక పేరుందని, మీలాంటివాళ్లు చాలామంది ఉన్నారని ఆయనకి తెలిస్తే చాలు.

ముందు ఆ దగ్గు సంగతి తేల్చేద్దాం. అది తేలకపోతే మిగతాదేదీ మీ చెవికెక్కదు.

గుండెలో ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండే కవాటమే మైట్రల్ వాల్వ్. వయసు పైబడిన చిన్న జాతి కుక్కల్లో అది మందమెక్కి, వానాకాలంలో ఉబ్బిన పాత తలుపులాగా సరిగ్గా మూసుకోదు. ముందుకు పోవాల్సిన రక్తంలో కొంత వెనక్కి కారుతుంది. దాంతో గుండె మెల్లగా పెరుగుతుంది. ఏళ్ల తరబడి పైకి ఏ లక్షణమూ ఉండదు. చిన్న కుక్కల్లో వచ్చే గుండె జబ్బుల్లో ఎక్కువ భాగం ఇదే. మీరు పెట్టిన తిండి వల్లో, వేయించని ఇంజెక్షన్ వల్లో వచ్చింది కాదు. (ఏడు కిలోలంటున్నారు కాబట్టి మీది బహుశా ఇండియన్ స్పిట్జ్ అయి ఉంటుంది. మన దగ్గర దాన్నే పామ్ అని అమ్ముతారు. వైద్యం మాత్రం రెండింటికీ ఒకటే.)

ముందే తెలిసి ఉంటే మేలు జరిగేదా? జరిగి ఉండొచ్చు, అబద్ధం చెప్పను. గుండె పెరిగి, లక్షణాలు ఇంకా బయటపడని కుక్కలకు పిమోబెండాన్ మొదలుపెడితే గుండె విఫలమయ్యే దశ సుమారు 15 నెలలు ఆలస్యమైందని 2016లో వచ్చిన ఎపిక్ అనే అధ్యయనం తేల్చింది. కానీ ఆ దశను కనిపెట్టాలంటే ముందు స్టెతస్కోపు పెట్టి గుండె చప్పుడులో తేడా వినాలి, ఆ తర్వాత స్కాన్ చేయాలి. ఇంట్లో వాళ్లు కళ్లతో చూసి పట్టుకునేది కాదది. పైగా ఈ జాతుల్లో గాలిగొట్టం మెత్తబడి వచ్చే దగ్గు కూడా మామూలే కాబట్టి దగ్గును దగ్గుగా చూసి సిరప్ రాయడం కూడా వింతేమీ కాదు. కుక్క దగ్గితే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. మీ వంతు పని అంతే, అది చేశారు. ఇక్కడి డాక్టరు గారి మీద కోపం ఉంటే దాన్ని కూడా పక్కన పెట్టండి. అర్ధరాత్రి ఏదైనా జరిగితే దగ్గరలో ఉండేది ఆయనే.

ఇక ఊపిరి లెక్క. మీరు చేస్తున్న పని సరైనదే, చేస్తున్న తీరే సరిగ్గా లేదు. గుండె జబ్బున్న కుక్కకు ఇంట్లో చేయగలిగిన పరీక్షల్లో ఇంతకు మించింది లేదు. పైసా ఖర్చు లేదు, కుక్కకు నొప్పి లేదు. ఊపిరితిత్తుల్లో మళ్లీ నీరు చేరడం మొదలైతే చాలాసార్లు మొదట మారేది నిద్రలో ఊపిరి వేగమే. దగ్గును మాత్రం లెక్కపెట్టకండి. పెరిగిన గుండె గాలిగొట్టాన్ని నొక్కినా దగ్గు వస్తుంది, గొలుసు లాగినా వస్తుంది. దాన్ని బట్టి ఏమీ తేల్చలేం.

రోజుకి ఒక్కసారి లెక్కపెట్టండి. రాత్రి భోజనాలయ్యాక స్వీటీ గాఢంగా నిద్రపోయిన సమయం ఒకటి చూసుకోండి, తొమ్మిదిన్నరో పదో. గది చల్లగా ఉండాలి. ఎండాకాలం ఫ్యాన్ లేని చోట తీసిన లెక్క నమ్మొద్దు. దానికి బొచ్చు ఎక్కువ కాబట్టి ఛాతీ కంటే డొక్క దగ్గర చూడటం తేలిక. లేచి పడితే ఒకటి. పైకి ఒకటి, కిందికి ఒకటి అని లెక్కపెట్టి ముప్పై అయిదు వచ్చిందని హడలిపోయి ఫోన్ చేసినవాళ్లున్నారు. ముప్పై సెకన్లు చూసి రెండుతో గుణించండి. పాదాలు కొట్టుకుంటూ, మూతి అదురుతూ ఉంటే కల కంటోందని అర్థం, అప్పుడు ఊపిరి వేగంగానే ఉంటుంది. అది అయిపోయేదాకా ఆగండి. ముక్కు దగ్గర చెయ్యి పెట్టొద్దు, తట్టొద్దు. నిద్ర లేపి లెక్కపెడితే ఆ లెక్క ఎందుకూ పనికిరాదు, పైగా గుండె జబ్బున్న కుక్కకు నిద్ర కూడా అవసరమే.

నిమిషానికి 30 లోపు ఉంటే ఆ రాత్రికి సరే. నోటుబుక్కులో తేదీ, అంకె రాసి మూసేయండి. 30 దాటితే ఒక అరగంట ఆగి మళ్లీ చూడండి. అప్పుడూ దాటే ఉంటే డాక్టరుకు ఫోన్ చేయండి. 40 దాటినా, పొట్ట ఎగదోస్తూ ఊపిరి తీస్తున్నా, మెడ చాచి కూర్చుని పడుకోలేకపోతున్నా, చిగుళ్లు నీలంగానో తెల్లగానో మారినా, కళ్లు తిరిగి పడిపోయినా ఇంకేమీ లెక్కపెట్టకుండా బయల్దేరండి. ఒక వారం రాస్తే స్వీటీ మామూలు అంకె ఎంతో తెలుస్తుంది. రోజూ 20 దగ్గర ఉండేది వరసగా 25, 27, 28 అవుతుంటే 30 దాటకపోయినా మర్నాడు పొద్దున డాక్టరుకు చెప్పండి. ఒక రోజు అంకె కంటే వారం రోజుల వరస ఎక్కువ చెబుతుంది.

మరి రాత్రి మధ్యలో ఏదైనా అయితే? మీ భయమంతా ఇక్కడే ఉందని తెలుసు. కవాటాన్ని పట్టి ఉంచే సన్నని దారాల్లాంటివి ఉంటాయి. వాటిలో ముఖ్యమైనది తెగితే ఉన్నట్టుండి విషమించడం నిజంగానే జరుగుతుంది. కానీ రెండింటి అలారం దాన్ని ఆపలేదు. ఊపిరాడని కుక్క చాలావరకు కదలకుండా పడుకోదు కూడా. లేస్తుంది, అటూ ఇటూ తిరుగుతుంది, వెనకటిసారి కూర్చున్నట్టే కూర్చుంటుంది. దాని పరుపు మీ మంచం పక్కనే వేసుకుంటే మీకు మెలకువ వస్తుంది. ఆ రాత్రి మీకు అలారం లేకుండానే తెలిసింది కదా.

అలారాలు ఒక్కసారిగా తీసేయమంటే మీరు తీయరు. ముందు నాలుగింటిది తీసేయండి. ఒకటి రెండు రోజులు అదే టైముకి మెలకువ వస్తుంది, ఒళ్లంతా చెవులు చేసుకుని వింటారు. అప్పుడు లేచి లైటు వేయకండి. తర్వాత పన్నెండింటిది, ఆఖరున రెండింటిది. లెక్కపెట్టగానే ఒక అరగంట ప్రాణం కుదుటపడుతుంది, ఆ తర్వాత మళ్లీ లెక్కపెడితే తప్ప కుదుటపడదు. ఎన్నిసార్లు చూస్తే అన్నిసార్లు చూడాలనిపిస్తుంది. మానసిక వైద్యులకు ఇది బాగా తెలిసిన విషయమే. గ్యాస్ కట్టేశామా లేదా అని పదిసార్లు చూసుకునేవాళ్లకూ ఇదే అవస్థ.

అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడు చెబుతాను. రాత్రి రెండింటికి మీరు భయపడుతున్నది స్వీటీకి ఏదో అవుతుందని మాత్రమే కాదు. అయితే ఏం చేయాలో, ఎవరికి ఫోన్ చేయాలో, ఎక్కడికి తీసుకెళ్లాలో మీకు తెలియదు. ఆ చీకట్లో, ఆ కంగారులో అవన్నీ ఒంటరిగా తేల్చుకోవాలి. కాబట్టి పగటిపూట, నిదానంగా, మీ ఆయన పక్కన ఉండగా తేల్చేసి కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించండి.

ఆ కాగితంలోకి ఎక్కాల్సిన మొదటి సంగతి హైదరాబాద్ డాక్టరు గారు చెప్పాలి. "ఊపిరి 30 దాటి తగ్గకపోతే లాసిక్స్ అదనంగా ఒక డోసు ఇవ్వొచ్చా, ఎంత ఇవ్వాలి, ఇచ్చాక ఎంతసేపు చూడాలి" అని సూటిగా అడగండి. కొందరు ముందే రాసిస్తారు, కొందరు ఒప్పుకోరు. ఏదైనా సరే, ముందు తెలిసి ఉండాలి. మీ అంతట మీరు డోసు పెంచొద్దు. ఎక్కువైతే ఒంట్లో నీరు ఇంకిపోయి కిడ్నీల మీద పడుతుంది. రెండోది, హనుమకొండ, వరంగల్‌లో రాత్రిపూట పశువుల క్లినిక్ ఎవరు తీస్తారు? ఇక్కడి డాక్టరు గారిని కలిసి, "రాత్రి పదకొండు తర్వాత ఫోన్ చేస్తే ఎత్తుతారా, ఆక్సిజన్ ఉందా" అని మొహమాటం లేకుండా అడగండి. లేదంటే లేదని తెలియడం కూడా మంచిదే. అప్పుడు హైదరాబాద్ బయల్దేరాల్సిందే అని తేలిపోతుంది. కారు మీదా, అద్దెదా, డ్రైవర్ నంబరు ఎవరిది, బుట్ట ఎక్కడుంది, రిపోర్టుల ఫైలు ఎక్కడుంది అన్నవి మిగతావి. ఆ కంగారులో కుక్కను వెల్లకిలా పడుకోబెట్టడం, నోట్లో నీళ్లు పోయడం చేయకండి. దానికి ఎలా కూర్చుంటే ఊపిరి ఆడుతుందో అలాగే కూర్చోనివ్వండి.

ఇద్దరు డాక్టర్లున్నప్పుడు మందులు మార్చే అధికారం ఒక్కరికే ఇవ్వండి. మీ విషయంలో స్కాన్ చూసిన డాక్టరే ఆ ఒక్కరు. రెండో ఆయనకు ప్రతిసారీ నోటుబుక్కు పేజీ ఫొటో వాట్సాప్ చేస్తే చాలు.

ఇక ఆ తొమ్మిది నెలలు. మీరు చదివింది బహుశా 2008లో వచ్చిన క్వెస్ట్ అనే అధ్యయనం నుంచి వచ్చిన అంకె అయి ఉంటుంది. గుండె విఫలమైన కుక్కల్లో పిమోబెండాన్ తీసుకున్నవాటికి 267 రోజులు, బెనజెప్రిల్ అనే ఇంకో మందు తీసుకున్నవాటికి 140 రోజులు అని అందులో తేలింది. 267ను 30తో భాగిస్తే మీ తొమ్మిది నెలలు వస్తాయి. కానీ ఆ 267 గడువు తేదీ కాదమ్మా. కుక్కలన్నిటినీ వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్నదాని అంకె అది. దాన్ని దాటి బతికినవి చాలా ఉన్నాయి. పైగా చనిపోయినవాటినే కాదు, మందు చాలక చికిత్స మార్చాల్సి వచ్చి అధ్యయనం నుంచి తప్పించినవాటిని కూడా అక్కడితో ముగిసినట్టే లెక్కేశారు. అంటే 267వ రోజున క్యాలెండర్‌లో గీత గీయడానికి ఆధారమేదీ లేదు. స్వీటీ ఎటు పోతోందో దాని నోటుబుక్కు, దాని ఎక్స్‌రే, దాని రక్తపరీక్ష చెబుతాయి. స్కాట్లాండ్‌లోనో కెనడాలోనో ఉన్న ఇంకో కుక్క చెప్పదు. గూగుల్ చూడొద్దంటే ఎవరూ వినరు కాబట్టి, ఫోన్‌లో మీరు చూస్తున్న ఆ గుండె జబ్బు కుక్కల రీల్స్ మాత్రం మ్యూట్ చేయమని అడుగుతున్నాను. చూస్తున్నారని మీరు రాయలేదు గానీ, చూడకుండా ఇన్ని వివరాలు రావు. బాగున్న కుక్క గురించి రోజూ వీడియో పెట్టేవాళ్లు తక్కువ.

మీ ఉత్తరంలో నన్ను నిజంగా ఆపిన సంగతి పెరుగన్నం. పిమోబెండాన్‌ను తిండికి ఓ గంట ముందు, ఖాళీ కడుపుతో ఇస్తే బాగా ఒంటబడుతుంది. కంపెనీవాళ్ల సూచన కూడా అదే. గిన్నెడు పెరుగన్నంలో కలిపితే ఒక్కోసారి మాత్ర గిన్నె అడుగునే ఉండిపోతుంది, మీరు వేశాననుకుంటారు. మాత్రను ఉప్పు లేకుండా ఉడికించిన చికెన్ ముక్కలో చిన్నగా దాచి, మింగిందని చూసి, గంట తర్వాత అన్నం పెట్టొచ్చా అని మీ డాక్టరును అడగండి. రెండు పూటలకీ మధ్య పన్నెండు గంటలు ఉండేలా చూసుకోండి. ఒక పూట మర్చిపోతే తర్వాతి పూట రెట్టింపు మాత్రం వేయకండి. లాసిక్స్ వేస్తే దాహం, మూత్రం రెండూ ఎక్కువవుతాయి. ఇల్లు తడుపుతోందని నీళ్లు తగ్గించొద్దు. కావాలంటే సాయంత్రం లాసిక్స్ డోసు కొంచెం ముందుగా వేయొచ్చేమో అడగండి. అప్పడం, ఆవకాయ కలిపిన ముద్ద, చిప్స్ లాంటి ఉప్పు సరుకు ఆపేయండి. ఆదివారం కూరలోంచి ముక్క తీసి పెట్టేవాళ్లు ఇంట్లో ఎవరో ఒకరు ఉంటారు. ఉప్పు, ఉల్లిపాయ పడకముందే ఒక ముక్క పక్కకు తీసి ఉడికించి ఇవ్వమనండి, ఉల్లి కుక్కలకు విషం. కుంటుతోందని ఇంట్లో ఉన్న బ్రూఫెన్, డైక్లో మాత్రలు అసలు ముట్టుకోవద్దు. లాసిక్స్‌తో కలిస్తే కిడ్నీలకు ఇంకా ముప్పు. మందు మొదలుపెట్టాక, మార్చాక ఒకటి రెండు వారాల్లో కిడ్నీ, పొటాషియం పరీక్ష చేయిస్తారు. అది చేయించి ఉండకపోతే ఇప్పుడు చేయించండి. మే నెలలో వరంగల్ ఎండలకి వాకింగ్ తెల్లవారుజామునే. దీపావళికి కిటికీలు మూసిన గది ఒకటి ముందే చూసుకోండి.

ఖర్చు గురించి సిగ్గుపడకుండా డాక్టరు ముందే చెప్పండి. "నెలకి ఇంత వరకు పెట్టగలం, ఇందులో ఏది తప్పనిసరి, ఏది వాయిదా వేయొచ్చు" అని అడిగితే ఏ డాక్టరూ చులకనగా చూడరు. నిజానికి మాకు కూడా పని తేలికవుతుంది. మీకు దగ్గరలోనే మామునూరులో వెటర్నరీ కాలేజీ ఉంది, హైదరాబాద్‌లో రాజేంద్రనగర్‌లో ఉంది. కాలేజీ క్లినిక్కుల్లో ఏ పరీక్షలు ఏ రోజుల్లో చేస్తారో, ఎంతవుతుందో ఫోన్ చేసి కనుక్కోండి. రక్తపరీక్షలు, ఎక్స్‌రేల దగ్గర కొంత మిగలొచ్చు.

మీ అత్తమ్మ మాటలకు నా దగ్గర సమాధానం లేదు. మీరు కూడా వెతుక్కోనక్కర్లేదు. పెద్దావిడ, వినీ విననట్టు ఊరుకోండి.

మీ ఆయన సంగతి వేరు. ఆయనకు కుక్క మీద ప్రేమ లేదని మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. మీ నిద్రలేమి చూసి ఆయనకి విసుగొచ్చి ఉండొచ్చు, భయమూ వేసి ఉండొచ్చు. అయితే ఒకటి అడుగుతాను. ఆయన ఎప్పుడైనా మాత్ర వేశారా? వేయనిచ్చారా? ఇలాంటి ఇళ్లల్లో ఒకరు మొత్తం మీదేసుకుంటారు. రెండోవాళ్లు ముట్టుకుంటే "అలా కాదు, ఇలా" అంటారు. నాలుగుసార్లు అనిపించుకున్నాక వాళ్లు టీవీ ముందు కూర్చుంటారు. ఈ ఆదివారం నుంచి సాయంత్రం మాత్ర, రాత్రి లెక్క ఆయనకు అప్పగించండి. మొదటి రెండు రోజులు పక్కనుండి చూడండి, మూడో రోజు గదిలోంచి బయటికి రండి. ఆయన 22 అని రాస్తే మీరు వెళ్లి మళ్లీ లెక్కపెట్టకండి.

అది కుదిరితే పెళ్లికి వెళ్లండి. హనుమకొండ పక్కనే కాజీపేట జంక్షన్, విజయవాడకు రైళ్లకేం కొదవ? ఒక్క రాత్రి ఉండి మర్నాడు వచ్చేయొచ్చు. స్వీటీని వెంట తీసుకెళ్లొద్దు. పెళ్లింటి జనం, బాజాలు, ప్రయాణం దానికి మంచివి కావు. రాత్రి పదింటికి ఆయన అంకె మెసేజ్ చేస్తారు, మీరు చూసుకుంటారు. మీరు లేని రాత్రి కూడా అది మామూలుగా నిద్రపోయిందని ఒకసారి మీ కళ్లతో ఆ నోటుబుక్కులో చూడాలి.

చివరి ప్రశ్నకు వస్తున్నాను, మీరు పూర్తిగా రాయలేకపోయినది. బాధ లేకుండా కన్నుమూసే ఇంజెక్షన్ ఇప్పించాల్సి వస్తుందా, ఎప్పుడు, ఎలా తెలుస్తుంది అన్నది. ఇప్పుడైతే ఆ మాటే లేదు. కానీ ఆలోచన రావొద్దంటే ఆగదు కాబట్టి, దానికి ఒక కొలత ఉందని తెలుసుకోండి. అమెరికాలో ఆలిస్ విలలోబోస్ అనే పశువైద్యురాలు 2004లో ఒక పట్టిక తయారుచేశారు. నొప్పి లేదా ఊపిరి బాధ, తిండి, ఒంట్లో నీరు ఇంకిపోకుండా ఉండటం, శుభ్రత, ఉత్సాహం, నడక, మంచి రోజులు ఎక్కువా చెడ్డ రోజులు ఎక్కువా అని ఏడు అంశాలు. ఒక్కోదానికి పదికి ఇన్ని మార్కులు. బాగుంటే ఎక్కువ మార్కులు. మొత్తం 35 దాటితే కుక్క బతుకు దానికి భారంగా లేదని లెక్క. నెలకోసారి మీరూ మీ ఆయనా విడివిడిగా, ఒకరిది ఒకరు చూడకుండా మార్కులు వేయండి. ఇద్దరి అంకెల్లో తేడా వస్తే మాట్లాడుకోండి. దిగులుగా ఉన్న రోజున వేయొద్దు, ఆ రోజు మీరు కుక్కకు కాకుండా మీకే మార్కులు వేసుకుంటారు. ఇప్పుడు వేస్తే స్వీటీకి బాగానే వస్తాయని నా అంచనా.

ఎప్పటికైనా ఆ అంకె పడిపోయి, మందులు పెంచినా లేవకపోతే, ఊపిరి కోసం కొట్టుకుంటూ పోకుండా నిద్రలోకి పంపడం వైద్యంలో భాగమే. పాపమని కొందరంటారు. ఊపిరాడని ప్రాణిని రెండు రోజులు చూస్తూ కూర్చున్న ఇళ్లకు కూడా నేను వెళ్లాను, ఆ తర్వాత ఆ మాట వాళ్ల నోట వినలేదు. చేయాల్సి వస్తే ఇంటికి వచ్చే డాక్టరు ఎవరు, ఎక్కడ పూడ్చాలి, మీ ఇద్దరిలో ఎవరు దగ్గరుంటారు అన్న మూడూ ఒక మధ్యాహ్నం మాట్లాడుకుని వదిలేయండి. ఆ మధ్యాహ్నం ఏడుపొస్తే ఏడవండి. అది ఆందోళన కాదు, దుఃఖం, దాన్ని ఆపమని నేను చెప్పను. రోజూ మీటింగు మధ్యలో వచ్చేది మాత్రం వేరే.

దాని గురించి ఒక మాట. అలారాలు తీసేసి, కాగితం అంటించి, పని పంచుకున్న తర్వాత కూడా రెండు మూడు వారాల్లో నిద్ర పట్టకపోతే, గుండె దడ, చేతుల వణుకు తగ్గకపోతే, ఆఫీసు పని దెబ్బతింటూనే ఉంటే అప్పుడు చూడాల్సింది నాలాంటి పశువుల డాక్టరు కాదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలి మానస్ ఉంది. 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. "కుక్క గురించి ఫోన్ చేశానంటే ఏమనుకుంటారో" అని ఆగకండి. నిద్ర పట్టట్లేదని మొదలుపెట్టండి, మిగతాది వాళ్లే అడుగుతారు.

హైదరాబాద్ డాక్టరు గారికి సోమవారమే ఫోన్ చేయండి. మాత్ర తిండికి ముందా తర్వాతా అన్నది మొదట అడగండి, అదనపు డోసు సంగతి రెండోది, కిడ్నీ పరీక్ష మూడోది. వాళ్లు చెప్పింది ఫోన్ పెట్టేసిన వెంటనే రాసుకోండి, వీలైతే మీ ఆయన చేతిరాతతో.